చిటికెన వేలి దగ్గర మూడు మిల్లీమీటర్లు

బావ బూటు లోపలికి చెయ్యి పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. చెయ్యి నెమ్మదిగా ముందుకు పోయి మణికట్టు దగ్గర ఆగుతుంది. అప్పుడు వేళ్ళు ఒక్కొక్కటీ లోపల నడవడం మొదలుపెడతాయి. పైనుంచి చూసేవాడికి తోలు కింద ఎలుకపిల్ల తిరుగుతున్నట్టుంటుంది. చివరికి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" పడితేనే మా దగ్గర్నుంచి బూటు బయటికి పోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి.

మాది మామూలు చెప్పుల దుకాణం కాదు. పొట్టి కాలు, వంకర పాదం, షుగర్ వల్ల స్పర్శ పోయిన పాదం, ఇలాంటివాళ్ళకు వాళ్ళ కాలిని బట్టి బూట్లు చేస్తాం. ముందు కాలికి అచ్చు తయారు కావాలి. ఆ అచ్చు మీద తోలు బిగించి కుట్టాలి. అచ్చు నా పని. కుట్టు బావ పని. బావంటే మా అక్క మొగుడు. పల్లెలో మంచం కోళ్ళూ నాగళ్ళూ చెక్కుకుంటున్న నన్ను పిలిపించి ఇక్కడ పెట్టింది ఆయనే. "మావాడు మనుషులతో మాట్లాడడు గానీ చెక్క వాడితో మాట్లాడుతుంది" అని అప్పటి యజమానితో చెప్పాడట.

ఆ యజమాని పోయాక ఆయన కూతురు నడుపుతోంది. ముప్పై అయిదేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. మాకు మాత్రం ఇప్పటికీ పాపే.

మూడేళ్ళ కిందట పాప చెక్క మాన్పించింది. ఇప్పుడు కాలి చుట్టూ ఒక కెమెరా తిరిగి చూస్తుంది. అది చూసిన పాదం కంప్యూటర్ తెర మీద బూడిదరంగు మట్టిముద్దలా నిలబడుతుంది. చేతిలో పెన్నులాంటిది పట్టుకుని దాన్ని ఉబ్బించవచ్చు, నొక్కవచ్చు, గీకవచ్చు. అన్నీ అయ్యాక పక్కగదిలోని మిషను దాన్ని చూసి అచ్చు చెక్కి ఇస్తుంది. నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా మట్టి పని తొందరగానే వచ్చింది. గీత దగ్గరే తంటా.

పాదం అంచు వెంబడి ఒక గీత గీస్తే అది పూసల దండలా పడుతుంది. ఒక పూసను పట్టుకుని లాగితే గీత వంగుతుంది, గీతతో పాటు కింద మట్టీ వంగుతుంది. ఎంత వంగాలి, ఎక్కడి దాకా వంగాలి అన్నది పక్కనున్న పట్టీలో అంకెలు మార్చి పెట్టుకోవాలి. పాప నా పక్కన స్టూలు వేసుక్కూర్చుని నేర్పింది.

"బాబాయ్, దీన్ని ఫాల్ఆఫ్ అంటారు. నువ్వొక పూసని లాగితే పక్క పూసలు ఎంతదూరం నుంచి దాని వెంట రావాలో ఇది చెప్తుంది. తక్కువ పెట్టావనుకో, పక్కింటాయన కూడా లేవడు. ఎక్కువ పెడితే ఊరంతా లేచొస్తుంది."

"ఊరంతా ఎందుకు?"

"గీత నునుపుగా రావాలంటే ఊరంతా రావాలి మరి. ఒక్కడే లేస్తే గూని కనిపిస్తుంది. ఇవిగో, ఈ రెండూ తాళాలు. మొదటి కొస కదలకుండా ఒకటి, చివరి కొసకి ఒకటి. ఇంకో మాట, ఇవాళ పెట్టింది రేపటికీ అలాగే ఉంటుంది. నువ్వు మార్చేదాకా మారదు. కొత్త కాలు తెరిచినప్పుడల్లా ముందు ఇవి చూసుకో."

"ఊరంతా లేచొచ్చేది మా బావమరిది నోరు విప్పిన రోజునలే పాపా" అన్నాడు బావ, దారానికి మైనం రాస్తూ.

పాప నవ్వింది. నేను ఆ ఫాల్ఆఫ్‌కి మనసులో 'సాగుడు' అని పేరు పెట్టుకున్నాను.

చెక్కకు సాగుడు లేదు. మడమ దగ్గర ఆకురాయి పెడితే మడమే అరుగుతుంది. వేళ్ళ దగ్గర ఏమైందో అని తిరిగి చూడక్కర్లేదు. ముప్పై ఏళ్ళు నా చేతులు నేర్చుకున్నది ఆ ధీమానే. తాళాలు చూసుకోమని పాప చెప్పింది, చూసుకుంటానని నేనన్నాను. చాలా రోజులు చూసుకున్నాను కూడా.

ఒకరోజు నాట్యం నేర్పే ఆవిడ కాలు వచ్చింది. ఒక కాలు బొటనవేలంత పొట్టి. బూటు కింద ఎత్తు పెట్టాలి కానీ అది ఎత్తు బూటులా కనిపించకూడదని ఆవిడ పట్టు. సాగుడు నిండా పెంచేశాను. రెండు తాళాలూ తీసేశాను. పూస లాగితే గీత ఒక్క ఊపున, నడిచే ఆవు వెన్నులా వచ్చింది. పాప వెనక నుంచి చూసి, "బాబాయ్, చెయ్యి తిరిగింది నీకు" అంది. ఇన్నేళ్ళలో పనిని ఎవరూ బాగాలేదనలేదు, బాగుందని కూడా పెద్దగా అనలేదు. ఆ మాట రోజంతా చెవిలో ఉండిపోయింది.

మర్నాడు టికెట్టక్క ఎడమకాలు తెరిచాను.

ఆవిడ బస్సులో కండక్టరు. రోజుకు పది గంటలు నిలబడే ఉద్యోగం. షుగర్ వచ్చి పాదాల్లో స్పర్శ పోయింది. బూటులో గులకరాయి పడ్డా సాయంత్రం బూటు విప్పితేనే తెలుస్తుంది. అలాంటి కాలికి నొప్పిని బూటే ముందుగా తెలుసుకోవాలి. ఆవిడకు చిటికెన వేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చింది. అక్కడ తోలు తగలకూడదని అచ్చు మీద మూడు మిల్లీమీటర్ల బుడిపె లేపాను. అది బాగానే చేశాను. పాత జత నడిపాదం దగ్గర వదులై జారుతోందని ఆవిడ చెప్పింది కాబట్టి, తర్వాత మడమ నుంచి చిటికెన వేలి దాకా గీత గీసి, నడిమి పూస పట్టుకుని లోపలికి లాగాను.

గీత ఆవు వెన్నులా వచ్చింది. నిన్నటిలాగే.

అదే క్షణంలో కంటి కొసన, తెర పై మూల, ఏదో కదిలింది. నిద్రలో మనిషి ఊపిరి వదిలినట్టు ఏదో కుంగింది.

నేను చూశాను. చూడలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకోబోయాను గానీ కుదరలేదు. గీత అందంగా ఉంది, వెనక్కి తిప్పితే మళ్ళీ అలా వస్తుందో రాదో అనిపించింది. పాప మళ్ళీ వెనక నుంచి వచ్చి చూస్తుందేమో అని కూడా అనిపించింది. అలాగే సేవ్ చేసి మిషనుకు పంపించేశాను.

నాలుగు రోజులకు బావ కుట్టడం అయింది. బూటులో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు నడిచి, ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఆగాయి.

"ఒరే బావమరిదీ, ఇక్కడ కాస్త పట్టేసినట్టుందిరా."

"ఎక్కడ?"

"చిటికెన వేలి దగ్గర. తోలు నా వేలి మీదకి వాలుతోంది."

"తెర మీద సరిగానే ఉంది బావా."

"తెర మీద ఉంటే ఉండనీ. నా వేలికి లేదు."

"నీ వేలు ముసలిదైంది" అన్నాను.

నేను హాస్యమాడటం ఏడాదికి ఒకసారి. పాప పకపకా నవ్వింది. బావ కూడా నవ్వాడు. "చూశావా పాపా, మావాడు మూడొందల అరవై రోజులు దాచుకుని ఒక్కటి వదుల్తాడు, అది తిన్నగా వచ్చి మనకే తగుల్తుంది" అన్నాడు. ఆ నవ్వులోనే "ఊఁ" అనేశాడు.

ఆ "ఊఁ" ఆయన ఇచ్చింది కాదు. నేను నవ్వించి లాక్కున్నది.

నలభై రోజుల తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం టికెట్టక్క వచ్చింది. భుజాన సంచి, చేతిలో ఒక మేజోడు.

"అన్నా, దీని మీద టీ ఒలికినట్టుంది. ఎన్నిసార్లు ఉతికినా మళ్ళీ మళ్ళీ వస్తోంది. మీ తోలు రంగు దిగుతోందా ఏంటి?"

బావ మేజోడు అందుకుని వెలుతురులోకి తిప్పాడు. పాప వచ్చి కింద కూర్చుని, ఆవిడ ఎడమ బూటు విప్పి, మేజోడు మెల్లగా లాగింది. చిటికెన వేలి మొదట్లో చొక్కా బొత్తామంత పుండు. అంచులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. ఆవిడ వంగి, ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూసింది.

"అయ్యో, ఇదెప్పుడైంది?" అంది.

పాప బూటులో చెయ్యి పెట్టింది. బావ వేసిన లోపలి కుట్టు సరిగ్గా ఆ చోటు మీదుగానే పోతుంది. "పెద్దాయనా, కుట్టు తగులుతోంది" అంది బావతో. బావ కూడా చెయ్యి పెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"తగులుతోంది" అన్నాడు. "ఆ రోజే ఏదో అనిపించింది పాపా నాకు. అచ్చు పట్టేసిందనుకున్నా. నా కుట్టే అన్నమాట. నా కుట్టు నాకే తెలీకపోతే ఇంక ఈ వేళ్ళెందుకు?"

పాప నా వైపు తిరిగింది. "బాబాయ్, అచ్చులో ఎముకకి చోటు వదిలాం కదా?"

"వదిలాను."

అబద్ధం కాదు. వదిలాను. ఆ తర్వాత తీసేశాను. ఆ రెండో సంగతి ఎవరూ అడగలేదు.

పాప ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు వారాలు కాలు కింద పెట్టవద్దన్నాడట. తిరిగొచ్చాక, ఈలోపు కుట్టు విప్పి పల్చగా మళ్ళీ వేసి ఉంచుతామని, పైవారం దాటాక సోమవారం వచ్చి బూటు తీసుకెళ్ళమని పాప చెప్పింది. ఆవిడ తలూపి, సంచి సర్దుకుని, ఒక కాలికి మా పాత చెప్పు వేసుకుని వెళ్ళింది. నడకలో కుంటు లేదు. కుంటడానికి నొప్పి తెలియాలి కదా.

ఆవిడ వెళ్ళాక తెర తెరిచాను. మనం చేసిన ప్రతి పనినీ అది పైన చిన్న చిన్న గళ్ళలో వరసగా దాచిపెడుతుంది. వేలితో వెనక్కి జరిపితే పాదం వెనకటి రూపానికి పోతుంది. గీత లాగక ముందుకు జరిపాను, బుడిపె ఉబ్బింది. లాగిన తర్వాతకు జరిపాను, కుంగింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. ఉబ్బుతోంది, కుంగుతోంది. పక్కపట్టీలో సాగుడు నిండుగా ఉంది. తాళాలు రెండూ తెరిచే ఉన్నాయి. నాట్యం ఆవిడ కోసం తీసినవి.

కొలిచి చూశాను. మూడు మిల్లీమీటర్లకు మిగిలింది అర మిల్లీమీటరు. దాని మీద ఎంత పల్చటి కుట్టు వేసినా తగులుతుంది. వట్టి తోలైనా తగులుతుంది. సోమవారం ఆవిడ వచ్చి అదే బూటు వేసుకుని బస్సెక్కుతుంది.

అప్పుడే లేచి చెప్పి ఉంటే అయిపోయేది. బావ గుమ్మం దగ్గర కూర్చుని కుట్టు విప్పుతున్నాడు. తేలు కుట్టిన దొంగలా నేను కుర్చీలో కూర్చున్నాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయన ఆ కుట్టు వేసి, వేలితో తడిమి, తల అడ్డంగా ఊపి విప్పేశాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ విప్పేశాడు. మూడోనాడు పాపతో, "ఈ జత ఇచ్చేసి ఇంక మానేస్తానమ్మా. కళ్ళు పోతున్నా వేళ్ళున్నాయి కదా అనుకున్నా. అవీ పోయినై" అన్నాడు. పాప, "ఎవరికైనా జరుగుతుంది పెద్దాయనా" అంది గానీ వద్దని గట్టిగా అనలేదు. ఆయన తోలు కుట్టే తన ఆరెను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టడం నేను చూశాను. అన్నీ చూస్తాను నేను. చూడటంలో నాకెవరూ సాటిరారు.

చెప్పడానికి మాటలు వెతికాను. ఇల్లు చేరేదాకా దారి పొడుగునా కూడబలుక్కునేవాణ్ణి. మా ఇళ్ళు ఒకే మెట్ల దారిలో, వాళ్ళది కింద, మాది పైన. వాళ్ళ తలుపు దాటి మెట్లెక్కగానే మాటలు పోయేవి. మాట్లాడని మనిషినని పేరు కదా. ఆ పేరు ఎంత మంచి చాటో ఆ పదమూడు రోజుల్లో తెలిసింది. నేనెందుకు మౌనంగా ఉన్నానని ఎవరూ అడగరు.

ఆదివారం పొద్దున అక్క మెట్ల దగ్గర ఆపింది.

"తమ్ముడూ, ఒకసారి లోపలికొచ్చి మీ బావని చూడరా. నాకు భయంగా ఉంది."

బావ నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు పళ్ళెం నిండా కందిపప్పు. కళ్ళు మూసుకుని ఏరుతున్నాడు. ఏరింది ఏరినట్టు పక్కన గిన్నెలో వేస్తున్నాడు. టిక్కున చప్పుడు.

"ఇసకలోంచి ముప్పై రాళ్ళు తెచ్చి కలిపాడు" అంది అక్క గొంతు తగ్గించి. "కళ్ళు మూసుకుని ముప్పై తీశాడు. లెక్క పెట్టింది నేనే. అయినా నమ్మడు. ఏదో పొరపాటున వచ్చాయంటాడు. మళ్ళీ కలుపుతాడు. ఆవిడొచ్చి వెళ్ళిన్నాటి నుంచీ రోజూ ఇదే పని. ఇవాళ పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. ప్రతిసారీ ముప్పైయేరా!"

"ఎవరే?" అన్నాడు బావ కళ్ళు తెరవకుండా.

"మా తమ్ముడు."

"రారా, కూర్చో. నువ్వన్నావు చూడు ఆ రోజు, నా వేలు ముసలిదైందని. హాస్యానికన్నావు గానీ నిజమేరా అది."

గిన్నెలో ఇంకో రాయి పడింది. నేను కూర్చోలేదు. మెట్లు దిగి పనిచోటుకు వెళ్ళిపోయాను. తాళంచెవి ఒకటి నా దగ్గరుంటుంది.

తెర తెరిచి, వెనక్కి జరిపి, బుడిపె నిండుగా ఉన్నచోట ఆగాను. సాగుడు పక్కింటాయన కూడా లేవనంతగా తగ్గించాను. రెండు కొసలకూ తాళం వేశాను. నడిమి పూస లాగాను. గీతకు చిన్న గూని వచ్చింది, అందంగా లేదు. అలాగే ఉంచాను. మిషనుతో రెండు అచ్చులు చెక్కించాను. ఒకటి ఆ రోజు పంపింది, ఒకటి ఆ రోజు పంపాల్సింది.

సోమవారం అందరికంటే ముందు బావ వచ్చాడు, బూటు అప్పజెప్పి వెళ్ళిపోవడానికి. ఆయన ముందు రెండు అచ్చులూ పెట్టాను.

"కళ్ళు మూసుకో బావా."

"ఈ వయసులో దాగుడుమూతలేంట్రా నీతో?"

"మూసుకో."

మూసుకున్నాడు. వేళ్ళు మడమ నుంచి బయలుదేరాయి. మొదటి దాని మీద ఒకచోట ఆగాయి. రెండోదాని మీద అదే చోటికి వెళ్ళాయి. మళ్ళీ మొదటిదానికి వచ్చాయి.

"దీనికి బుడిపె ఉంది. దీనికి లేదు" అన్నాడు.

"లేనిదే ఆవిడకిచ్చింది. నీ కుట్టు కాదు. నీ వేలు ఆ రోజు చెప్పింది నిజం."

ఆయన కళ్ళు తెరిచాడు. లేని దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"ఆవిడొచ్చిన రోజు తెర తెరిచి చూశాను." అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. "అంతకు ముందే తెలుసు. లాగినప్పుడే కదిలింది. చూశాను. గీత బాగుందని వదిలేశాను."

"చూసి కూడా, నా వేలు ముసలిదైందన్నావు."

"అన్నాను."

బావకు కోపం వస్తే అరుస్తాడు. అరుస్తాడేమోనని చూశాను. అరిస్తే బాగుండేది.

"పదమూడు రోజులు పప్పులో రాళ్ళేరానురా" అన్నాడు మామూలు గొంతుతో. అచ్చు బల్ల మీద పెట్టాడు. "పాపకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను."

పాప మొత్తం విని, "తాళాలు చూసుకోమన్నాను కదా బాబాయ్" అంది. తర్వాత, "కుట్టు అని తేల్చింది నేను" అని బావ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన పెట్టె తెరిచి ఆరెను గుడ్డలోంచి తీస్తున్నాడు. నాతో, "ఆవిడకి కూడా నువ్వే చెప్పు" అంది.

ఆవిడ ఆ రోజు రాలేదు. ఫోను చేస్తే ఆసుపత్రిలో ఉందన్నారు. పుండు మానలేదు, ఎముక దాకా పోయిందట. చిటికెన వేలు తీసేశారు. బావా నేనూ వెళ్ళాం. మంచం పక్కన నిలబడి చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి ఉండను.

ఆవిడ దుప్పటి కింద కాలున్న చోటు చూసుకుంది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అంది. "నా కాల్లో నొప్పే నాకు తెలీదు, నీ కంప్యూటర్లో సంగతి ఎలా తెలుస్తుంది? అన్నా, మీ బావమరిది మూగాయన అన్నావు, ఇంతసేపు మాట్లాడుతున్నాడేంటి?"

బావ నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. దుప్పటి సర్దుకుని, "మళ్ళీ బూటు చేస్తారుగా? నిలబడకపోతే నా ఉద్యోగం జరగదు" అంది.

ఆ పదమూడు రోజులకూ వేలు పోవడానికీ సంబంధం లేదని, ఆవిడ మేజోడు పట్టుకొచ్చిన రోజుకే లోపల పాడైపోయిందని డాక్టరు అన్నాడట. పాప నన్ను ఊరడించడానికి చెప్పింది. కావచ్చు. కానీ అంతకు నలభై రోజుల ముందే కదిలింది కదిలినట్టు నేను చూశానన్నది డాక్టరుకు తెలియదు.

గాయం మానాక పాప ఆవిడ కాలిని మళ్ళీ కెమెరాతో తీసింది. ఇవాళ తెరిచాను. ముందు పక్కపట్టీ చూశాను. సాగుడు తగ్గించాను. రెండు కొసలకూ తాళం వేశాను. మడమ నుంచి గీత గీశాను. చిటికెన వేలి దగ్గర చుట్టి పోవడానికి ఇప్పుడేమీ లేదు. ఏ పూసనూ లాగలేదు. గీత దానంతటదే ఆవు వెన్నులా వచ్చింది.

బావ ఇప్పుడు నన్ను బావమరిదీ అని పిలవడం లేదు. పని ఉంటే "ఇటు చూడు" అంటాడు. కుట్టు ముగిశాక బూటు నా బల్ల మీద పెడతాడు.

"ముందు నువ్వు పెట్టు చెయ్యి."

పెడతాను. కళ్ళు మూసుకుంటాను. నా వేళ్ళకు ఏమీ తెలియదు, తోలు తోలులా ఉంటుంది. బయటికి తీసి ఆయనకిస్తాను. ఆయన చెయ్యి లోపలికి పోతుంది. నేను ఆయన మొహం చూస్తూ, ఆ "ఊఁ" కోసం నిలబడతాను.